చీటీల జేబు

మార్చి 4, సోమవారం

ఈ నోటుబుక్కు నా కూతురు పిచ్చుకది. ముందు పదహారు పేజీలూ కొలతలే. భుజం ఇంత, చేతులు ఇంత, పొడుగు ఇంత. అది పనిచేసే కుట్టు షాపుకి వచ్చిన ఎవరెవరివో. పదిహేడో పేజీ ఖాళీగా ఉంది కాబట్టి రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. అక్షరం తప్పుతానేమో గానీ అంకె తప్పను. పద్నాలుగేళ్ళుగా ఆస్పత్రి హాల్లో నంబర్లు పిలిచేది నేనే.

నోటితో చెబితే అందరూ "ఊరుకో, ఊరుకో" అంటున్నారు. కాగితం ఏమీ అనదు.

పిచ్చుక పోయి ఈ రోజుకి పదకొండు రోజులు.

మార్చి 5

ఏమీ లేదు రాయడానికి.

మార్చి 7, గురువారం

జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెడతాను. అప్పుడు మళ్ళీ మళ్ళీ తలుచుకునే పని ఉండదు.

మూడు రోజులుగా కడుపునొప్పి అంది. మందుల షాపులో బిళ్ళలు తెచ్చుకుని వేసుకుంది. నాలుగో రోజు మంగళవారం, డ్యూటీకి వెళ్తూ నాతోనే తీసుకెళ్ళాను. ఏడు యాభైకి నంబరు తీసుకున్నాం. అప్పటికే అరవై మంది ముందున్నారు. దానికి అరవై ఒకటి వచ్చింది. కిటికీ పక్క బెంచీ మీద కూర్చోబెట్టాను. నేను కోటు తొడుక్కుని డాక్టరమ్మ గది తలుపు దగ్గర నిలబడ్డాను. నంబర్లు పిలవడం నా పని. పిలిచాను. పన్నెండు దాటింది. యాభై ఎనిమిది అని పిలిచేటప్పటికి బెంచీ మీంచి పక్కకి ఒరిగిపోయింది. అక్కణ్ణించి పెద్దాస్పత్రికి. పేగు పగిలి లోపలంతా విషం పాకిందన్నారు. గురువారం పొద్దున పోయింది.

ఇరవై రెండేళ్ళు.

అది నన్ను పిలవలేదు. పిలిచుంటే నేను వెళ్ళనా?

మార్చి 8

పిలవలేదు.

మార్చి 10, ఆదివారం

కోటు ఉతకలేదు. ఆ రోజు విప్పి మేకుకి తగిలించింది అలాగే ఉంది.

"ఉతుకుతావా, నన్ను ఉతకమంటావా?" అన్నారు మా ఆయన. గోళ్ళలో ఇరుక్కున్న రంగు బ్లేడుతో గీక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నారు. ఆయన గోడలకి రంగులు వేస్తారు. ఈ పదిహేడు రోజులూ ఏ ఇంటికి ఏ రంగు వేశారో ఒక్కసారీ చెప్పలేదు. ముందైతే ఆ రంగు చూసి పిచ్చుక, ఆయన పోట్లాడుకునేవాళ్ళు.

"అది ఉతకొద్దు," అన్నాను.

"రేపు వెళ్ళాలి కదే పనికి."

"రెండో కోటుంది."

ఆ కోటుకి లోపలి జేబు పిచ్చుక కుట్టింది. నంబర్లూ చీటీలూ ఒకే జేబులో కలిసిపోతున్నాయని నేను గొణుక్కుంటుంటే, లాక్కుని, కూర్చున్న చోటే కుట్టి పడేసింది. "ఇదిగో అమ్మా. జనానికి బయటి జేబు, ఘనులకి లోపలి జేబు," అంది. దాని నోరే అంత.

చీటీ అంటే నంబరు లేని కాగితం. మేనేజరు గారో, డాక్టరమ్మ గారి చుట్టాలో రాసి పంపుతారు. 'మనవాళ్ళు' అని ఉంటుంది, కింద ఒక గీత. అది తెచ్చినవాళ్ళని పక్క తలుపులోంచి లోపలికి పంపాలి. పంపేదాన్ని. నంబరుకి డాక్టరమ్మ రెండు నిమిషాలు చూస్తుంది. నిలబెట్టే చూస్తుంది. చీటీకి కుర్చీ వేస్తారు. పిల్లలెలా ఉన్నారు, ఇల్లు ఎంతవరకు వచ్చింది, అంతా అయ్యేటప్పటికి పది నిమిషాలు.

పద్నాలుగేళ్ళలో ఇది నాకు తప్పుగా అనిపించలేదు. గాలి ఒకవైపు నుంచి వీస్తే తప్పనిపిస్తుందా? ఇంకా చెప్పాలంటే గొప్పగా ఉండేది. కార్లలో వచ్చేవాళ్ళు నన్ను చూసి నవ్వేవాళ్ళు. ఒకామె ప్రతిసారీ "నువ్వు లేకపోతే ఈ ఆస్పత్రి నడవదు" అనేది. నేను నమ్మాను.

ఈ రోజు లోపలి జేబులో చెయ్యి పెట్టాను. ఆ మంగళవారం చీటీలు అలాగే ఉన్నాయి. ఎనిమిది.

మార్చి 11, సోమవారం

మేనేజరు గారు గదిలోకి పిలిచారు. కూర్చోమన్నారు. ఆ గదిలో నేను కూర్చోవడం ఇదే మొదలు.

"చూడు ఆయమ్మా, మాకూ బాధగానే ఉంది. పెద్దాస్పత్రి వాళ్ళు ఉత్తరం రాశారు. ఆ అమ్మాయిని ఇక్కడ ఎంతసేపు కూర్చోబెట్టారు అని. పై ఆఫీసు నుంచి ఒక సారు విచారణకి వస్తారు, వచ్చే మంగళవారం. నువ్వొక్క సంతకం పెడితే అయిపోతుంది."

కాగితం చదివాను. నెమ్మదిగానైనా చదువుతాను. పన్నెండు పదికి స్పృహ లేని స్థితిలో తీసుకువచ్చారు, ఇంటివాళ్ళు ఆలస్యం చేశారు, అని ఉంది.

"ఏడు యాభైకి కదండీ," అన్నాను.

"నంబరు తీసుకున్నది ఎప్పుడైనా, డాక్టరమ్మ దగ్గరికి తెచ్చింది పన్నెండు పదికే కదా. అబద్ధమేముంది అందులో?" నీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. "ఎవరి తప్పూ లేదమ్మా. కాగితానికి ఒక మాట కావాలి, అంతే. నువ్వు పద్నాలుగేళ్ళు నిలబడ్డావు. ఇంక చాలు. దుప్పట్ల గదిలో వేయిస్తాను నిన్ను. మడతలు పెట్టుకుంటూ కూర్చోవడమే. కుర్చీ వేయిస్తాను."

కుర్చీ అనగానే, నిజం రాస్తున్నాను, నా కాళ్ళు నాకంటే ముందు సరేనన్నాయి.

నోటితో మాత్రం రేపు చెబుతానన్నాను.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. "పెట్టెయ్యి," అన్నారు. "కాగితంలో ఏముంటే ఏం, అది రాదు. నీ కాళ్ళు చూసుకో."

మార్చి 12, మంగళవారం

హాల్లో నిలబడ్డాను. కిటికీ పక్క బెంచీ వైపు చూడకుండా నంబర్లు పిలవొచ్చు. మెడ కొంచెం ఎడమకి తిప్పి ఉంచితే సరి.

మోకాళ్ళ మామ్మ వచ్చింది. నెలకి రెండుసార్లు వస్తుంది, మోకాళ్ళకి. ఆస్పత్రిలో అందరికంటే పాత మనిషి. "ఒసే ఆయమ్మా, నా మోకాళ్ళు ముందు అరుగుతాయో మీ బెంచీలు ముందు అరుగుతాయో చూద్దామే," అంటుంది ఎప్పుడూ. ఈ రోజు అనలేదు. డ్యూటీ అయ్యేదాకా ఉండి, బయట మెట్ల మీద నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పిల్ల నీ పిల్లట కదే."

తలూపాను.

"నాకెవరూ చెప్పలేదే తల్లీ! పక్కనే కూర్చున్నా. అదీ నాతో మాట వరసకైనా అనలేదు. నువ్వు దానికి ఎవరో పరాయిదానివనుకున్నా. మూడుసార్లు పిలిచింది నిన్ను. 'ఆయమ్మా, ఆయమ్మా' అని. అందరూ పిలిచినట్టే పిలిచింది కదా మరి."

"నాకు వినపడలేదు మామ్మా."

మామ్మ నా మొహంలోకి చూసింది. మొహం తిప్పుకుంది.

"నాది ముప్పై తొమ్మిది. ముచ్చెమటలు పోస్తున్నాయి దానికి. ఇది తీసుకుని పోవే, నా మోకాళ్ళు ఎక్కడికీ పారిపోవు, నీది నాకివ్వు అన్నాను. వద్దంది. నంబర్లు మారిస్తే ఆయమ్మకి మాటొస్తుంది మామ్మా, అంది. ఆయమ్మ మీద నీకంత జాలేమిటే అన్నా. నవ్వింది."

నేను ఇంటికెలా వచ్చానో తెలియదు.

మార్చి 13

పిలిచింది. ఒకసారి వినపడింది. ఆగమని వేలు చూపించాను.

మార్చి 14, గురువారం

ఇంటి ఓనరమ్మ పలకరించడానికి వచ్చింది. మా గది వాళ్ళ ఇంటి వెనక ఉంది. ఏమీ తాగలేదు, గుమ్మం లోపలికి రాలేదు, అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకుంది. మంచిదే. "బంగారం లాంటి పిల్ల. నా బట్టలన్నీ అదే కుట్టేది. ఎంత పొందికగా ఉండేది!" అంది. ఇంకా ఏదో అంది. అది రాయను.

పిచ్చుక కొలతల్లో పద్నాలుగో పేజీ ఓనరమ్మది. కొలతల పక్కన పిచ్చుక రాసుకుంది: 'వదులుగా కుట్టాలి, బిగుతైతే మనదే తప్పంటుంది.' చదివి నవ్వొచ్చింది. ఇన్నాళ్ళకి నవ్వాను. అందుకు సిగ్గేసింది.

మార్చి 15, శుక్రవారం

లెక్క వేశాను. అంకెలు నాకు తెలిసిన పనే.

ఎనిమిదిన్నరకి మొదలు. నంబరుకి రెండుంపావు నిమిషాలు. చీటీలే లేకపోతే అరవై ఒకటో నంబరు పదకొండు కొట్టేలోపు లోపలికి వెళ్ళేది. పన్నెండు పదికి కాదు.

ఆ గంటన్నర ముందైతే బతికేదా? డాక్టరమ్మని అడిగాను, కారెక్కబోతుంటే. "ఎలా చెప్పగలం ఆయమ్మా," అంది. "నీ కూతురని నాకొక్క మాట చెప్పొచ్చు కదా!" అంది. ఏడ్చింది కూడా. నటన కాదు, నాకు తెలుసు. కారు వెళ్ళిపోయాక ఆలోచించాను. నా కూతురని చెప్పాలి. కడుపునొప్పితో ఒకమ్మాయి నాలుగు గంటలు కూర్చుందంటే చాలదు. ఎవరి కూతురో చెప్పాలి.

మిగతా అరవై మందీ ఎవరికీ ఏమీ కారా?

మార్చి 16

పద్నాలుగేళ్ళలో నేను ఎక్కువగా అన్న మాట 'కూర్చోండి'. జ్వరం పిల్లని భుజాన వేసుకుని ఒకతను రెండుసార్లు తలుపు దాకా వచ్చాడు, ఏ సంవత్సరమో గుర్తులేదు. కూర్చోండి అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఆ పిల్ల ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవాలని అప్పుడు అనిపించలేదు.

మార్చి 17, ఆదివారం

ఆయన పనికి వెళ్ళారు, ఆదివారం కూడా. ఇంట్లో ఉండలేకపోతున్నారు. నేను మాత్రం ఈ పుస్తకం ముందు కూర్చున్నాను. ఇప్పటిదాకా రాసిందంతా చదివాను. అందులో కొన్ని అబద్ధాలున్నాయి. నా కోసం నేను రాసుకునే దాంట్లో కూడా అబద్ధం రాశానంటే ఎంత అలవాటో చూడు.

చీటీలు ఎనిమిది కాదు, తొమ్మిది.

తొమ్మిదోది నా చేతి రాత. 'మనవాళ్ళు' అని రాసి కింద మేనేజరు గారి గీత గీశాను. ఓనరమ్మ కోసం. ముందు రోజు సాయంత్రం ఆమె గుమ్మం దగ్గర నిలబడి, "రేపు నాకు బీపీ చూపించుకోవాలి, ఆ జనంలో కూర్చోలేనమ్మాయ్, నువ్వున్నావుగా," అంది. నేను సరేనన్నాను. వద్దనడం నా ఊహలోకే రాలేదు. తొమ్మిదిన్నరకి ఆమె వచ్చింది. పక్క తలుపు నేనే తెరిచాను. మొన్న పలకరించడానికి వచ్చి ఆమె అన్నది ఇదే: "ఆ రోజు నీ పుణ్యమా అని పదింటికల్లా ఇంట్లో ఉన్నాను."

ఆమె లోపలికి వెళ్తుంటే పిచ్చుక చూసింది. ఓనరమ్మ దాని తల నిమిరి, "ఏమే, నువ్వూ వచ్చావా?" అంది కూడా. పిచ్చుక నమస్కారం పెట్టింది. ఒక చెయ్యి కడుపు మీద ఉంది, ఒక చేత్తోనే పెట్టింది.

దానికీ ఒక చీటీ రాయొచ్చు. కాగితం ఉంది, పెన్ను ఉంది. ఎందుకు రాయలేదు?

మూడేళ్ళ కిందట మా ఆడపడుచుని పక్క తలుపులోంచి పంపాను. మేనేజరు గారు హాలు మధ్యలో నిలబెట్టి, "ఇది నీ పుట్టిల్లనుకున్నావా?" అన్నారు. అందరూ విన్నారు. ఆ రోజు నుంచీ నా వాళ్ళెవరినీ పంపలేదు. నేను నిజాయితీ మనిషినని చెప్పుకునేదాన్ని. పై వాళ్ళ కోసం దొంగ గీత గీస్తే మర్యాద, నా పిల్ల కోసం గీస్తే దొంగతనం. ఈ లెక్క నాకెవరూ నేర్పలేదు. నేనే నేర్చుకున్నాను, బాగా నేర్చుకున్నాను.

ఇంకొకటి ఉంది.

ఆ పొద్దున దారిలో పిచ్చుక నా చెయ్యి పట్టుకుని నడిచింది. గేటు దగ్గర చెయ్యి విడిపించుకున్నాను. "లోపల నన్ను అమ్మా అని పిలవకు. కూతుర్ని తెచ్చుకుని కూర్చోబెట్టుకుందంటారు," అన్నాను.

"మరేమని పిలవను?"

"అందరిలాగే."

"సరే ఆయమ్మగారూ," అంది. నొప్పిలో కూడా వెక్కిరించింది. వంగి దండం పెట్టబోయి, కడుపు పట్టుకుని ఆగిపోయింది.

ఒకసారి కాదు. మూడుసార్లూ వినపడింది. మూడోసారి దాని గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు. అయినా అది పిలిచింది ఆయమ్మనే కదా, ఆయమ్మే పలికింది. "కూర్చో," అన్నాను.

ఇక రాయలేను.

మార్చి 18, సోమవారం

మేనేజరు గారు రెండుసార్లు కబురు పెట్టారు. విచారణ సారు ఎదుటే సంతకం పెడతానన్నాను. ఆయన సంతోషించారు.

రాత్రి మా ఆయనకి చీటీలు చూపించాను. తొమ్మిదీ పరుపు మీద పరిచాను. తొమ్మిదోది ఏమిటో చెప్పాను. కొడతారనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆయన దాన్ని తీసి, వెలుతురులో పెట్టి చూసి, మళ్ళీ వరసలో పెట్టారు.

"నేనైనా ఓనరమ్మనే పంపేవాణ్ణి," అన్నారు.

మార్చి 19, మంగళవారం

పని పోయింది. ముందు అది రాసేస్తే మిగతాది నెమ్మదిగా రాయొచ్చు.

పొద్దున ఆరింటికి వెళ్ళాను. కోటు వేసుకోలేదు. నంబర్ల వరసలో నిలబడ్డాను. ఎవరొస్తే వాళ్ళని ముందుకి పంపుతూ, అరవై మంది అయ్యేదాకా వెనకే ఉండి, అరవై ఒకటి తీసుకున్నాను. నంబర్లిచ్చే ఆవిడ నా మొహం చూసి ఏమీ అనకుండా ఇచ్చింది. కిటికీ పక్క బెంచీ మీద కూర్చున్నాను. చెక్క ఒకచోట చీలి ఉంది, గుచ్చుకుంటుంది. పద్నాలుగేళ్ళలో ఆ సంగతి నాకు తెలియదు.

మోకాళ్ళ మామ్మకి ఈ రోజు వంతు లేదు. అయినా వచ్చింది. పక్కన కూలబడి, "నంబరు లేకుండా ఊరికే కూర్చోవడం ఎంత హాయిగా ఉందే," అంది.

తొమ్మిదిన్నరకి విచారణ సారు వచ్చారు. పక్క తలుపులోంచే వెళ్ళారు. తలుపు దగ్గర నా చోట కొత్తమ్మాయి నిలబడింది. పది నిమిషాలకి మేనేజరు గారు తొంగి చూసి, "ఆయమ్మా, సారు పిలుస్తున్నారు, ఇటు నుంచి రా," అన్నారు.

"నా నంబరు రాలేదండి."

"నంబరేమిటి? నీకు పిచ్చా? సారు ఎదురు చూస్తున్నారు!"

"అరవై ఒకటండి. పిలిచినప్పుడు వస్తాను."

మళ్ళీ వచ్చారు. కోప్పడ్డారు, బతిమాలారు, పుట్టిల్లా అన్నారు మళ్ళీ. నేను లేవలేదు. ధైర్యం కాదు. అలిసిపోయాను. కూర్చున్నదాన్ని లేవలేకపోయాను, అంతే. ముప్పై నాలుగు పిలిచారు. ముప్పై ఐదు. మధ్యలో చీటీ మీద ఎవరో వెళ్ళారు. "ఒకటి," అంది మామ్మ, వేలు మడిచి. కాసేపటికి, "రెండు."

పదకొండున్నరకి విచారణ సారే హాల్లోకి వచ్చారు. పెద్ద వయసేమీ కాదు. చెమటలు కక్కుతున్నారు.

"ఏమ్మా, నాకు వేరే పనుల్లేవనుకున్నావా? రెండు గంటలు కూర్చోబెట్టావు!"

"నేను ఆరింటికి వచ్చాను బాబూ," అన్నాను. "ఇంకా పన్నెండు నంబర్లున్నాయి. కూర్చోండి."

"మరి మా మోకాళ్ళ సంగతో?" అంది మామ్మ, ఎవర్నీ చూడకుండా.

ఆయన గోడ గడియారం చూశారు. హాలంతా ఒకసారి చూశారు. పక్క తలుపులోంచి అప్పుడే ఒకామె నవ్వుకుంటూ బయటికి వచ్చింది, ఆమెనీ చూశారు. కూర్చోలేదు. చేతిలో కాగితాలు తిరగేసి పెన్ను తీశారు.

చీటీలు తీసి ఇచ్చాను. "ఇవి ఆ రోజువి. నేనే లోపలికి పంపాను వీళ్ళందరినీ. అన్నిటికంటే కింద ఉన్నది నా రాత. నా పేరు కూడా రాసుకోండి."

"ఆయమ్మా!" అన్నారు మేనేజరు గారు తలుపు దగ్గర్నించి.

సారు చీటీలు ఒక్కొక్కటే చూశారు. తొమ్మిదోది ఎక్కువసేపు చూశారు. ఏం రాసుకున్నారో నాకు తెలియదు. ఏమవుతుందో తెలియదు. ఏమీ కాకపోవచ్చు.

"ఆ రోజు అరవై ఒకటో నంబరు అమ్మాయి," అన్నారు తల ఎత్తకుండా. "ఆమెకి నువ్వేమవుతావు?"

హాలంతా వింటోంది. తలుపు దగ్గర కొత్తమ్మాయి నంబరు పిలవడం ఆపేసింది. లేచి నిలబడ్డాను. పద్నాలుగేళ్ళు ఏ గొంతుతో నంబర్లు పిలిచానో ఆ గొంతుతోనే, చివరి బెంచీ దాకా వినపడేలా చెప్పాను.

"అమ్మని."